డీఎంఆర్ బేస్ స్టేషన్: స్థాపన, నిర్వహణ

చేతిలోనో వాహనంలోనో ఉండే చిన్న రేడియోల సంకేతాన్ని ఎత్తైన చోట అందుకుని, అప్పటికప్పుడు మరో ఫ్రీక్వెన్సీ మీద బలంగా తిరిగి పంపే స్థిర కేంద్రాన్ని డీఎంఆర్ బేస్ స్టేషన్ అంటారు. డిజిటల్ మొబైల్ రేడియో అన్న పేరుకు డీఎంఆర్ పొడి అక్షరాలు. వాడేవాళ్ళు దీన్ని రిపీటర్ అనే పిలుస్తారు. గనులు, రేవులు, విద్యుత్ కేంద్రాలు, కర్మాగారాలు, పెద్ద హోటళ్ళు, భద్రతా విభాగాలు, హామ్ రేడియో సంఘాలు దీన్ని వాడుతున్నాయి. సెల్‌ఫోన్‌లో మాదిరి నంబరు కొట్టి ఎదుటివాళ్ళు ఎత్తేదాకా ఆగే పని లేదు. మీట నొక్కి మాట్లాడితే బృందంలో అందరికీ ఒకేసారి వినిపిస్తుంది. తగిన గుట్ట మీద ఒక్క స్టేషన్ పెడితే ఒక పట్టణమూ చుట్టుపక్కల ఊళ్ళూ దాని పరిధిలోకి వస్తాయి.

రిపీటర్ పెట్టెను ఎవరైనా కొనగలరు. కానీ స్టేషన్ మంచిచెడ్డలు తేలేది ఆ పెట్టె బయటే: యాంటెన్నా ఎత్తు, కేబుల్, డూప్లెక్సర్, ఎర్తింగ్, కరెంటు. ఇవన్నీ అనలాగ్ రోజులనుంచీ ఉన్న విషయాలే అయినా డిజిటల్‌లో వీటి మీద మరింత జాగ్రత్త కావాలి. అనలాగ్ ఎఫ్‌ఎంలో ఎక్కడ లోపం మొదలైనా మాట వెనక గరగర పెరిగి చెవి ముందే పసిగడుతుంది. డిజిటల్‌లో దోష సవరణ ఆ లోపాన్ని కప్పేస్తుంది. మాట చివరిదాకా శుభ్రంగానే వినిపించి, ఒక హద్దు దాటగానే ముక్కలై ఆగిపోతుంది. అందువల్ల ఇక్కడ చెవిని నమ్ముకోకూడదు, మీటరుతో కొలవాలి. స్థాపనలోనూ నిర్వహణలోనూ చేసే పనుల్లో ఎక్కువ భాగానికి మూలం ఇదే.

ప్రమాణం, అంచెలు

డీఎంఆర్ ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. యూరప్‌లోని టెలికాం ప్రమాణాల సంస్థ ఎట్సీ దీన్ని 2005లో తొలిసారి ప్రకటించింది. టీఎస్ 102 361 అన్న సంఖ్యతో నాలుగు భాగాలుగా ఉన్న ఆ పత్రాల్లో మొదటిది గాలిలో సంకేతం ఎలా ఉండాలో, రెండోది మాటల సేవలను, మూడోది డేటాను, నాలుగోది ట్రంకింగ్‌ను వివరిస్తాయి. మోటరోలా, హైటెరా వంటి కంపెనీల సెట్లు సాధారణ కాల్స్ వరకు ఒకే రిపీటర్ మీద పనిచెయ్యడానికి ఈ ఉమ్మడి ప్రమాణమే కారణం. అయితే ప్రతి కంపెనీ తన సొంత హంగులు కొన్ని జోడిస్తుంది. ఎన్‌క్రిప్షన్, రిపీటర్లను ఇంటర్నెట్‌తో కలిపే పద్ధతి లాంటివి ఒక కంపెనీవి మరో కంపెనీ పరికరానికి అర్థం కాకపోవచ్చు. రెండు కంపెనీల సరుకు కలిపి కొనేవాళ్ళు ముందుగా తేల్చుకోవలసిన సంగతి ఇది.

ప్రమాణంలో మూడు అంచెలున్నాయి. మొదటి అంచె తక్కువ శక్తి గల, లైసెన్సు అక్కర్లేని సెట్లది. వీటికి రిపీటర్ ఉండదు. రెండో అంచె లైసెన్సు తీసుకున్న ఫ్రీక్వెన్సీల మీద, రిపీటర్‌తోనూ నేరుగానూ నడిచేది. మూడో అంచెలో ఒక నియంత్రణ చానల్ ఉండి, ఎవరు ఎప్పుడు ఏ చానల్లో మాట్లాడాలో అదే పంచిపెడుతుంది. ఊళ్ళో కనిపించే స్టేషన్లలో ఎక్కువ భాగం రెండో అంచెవి. ఈ వ్యాసం వాటి గురించే.

ఇదే పని చేసే పద్ధతులు మరికొన్ని ఉన్నాయి. టెట్రా 25 కిలోహెర్ట్జ్‌ను నాలుగు వాటాలు చేస్తుంది. జపాను హామ్‌ల నుంచి డీ-స్టార్, యాయేసు కంపెనీ నుంచి సిస్టమ్ ఫ్యూజన్ వచ్చాయి. తక్కువ ఖర్చులో ఒక్క రిపీటర్‌తో రెండు సంభాషణలు నడపగలగడం డీఎంఆర్‌కు బలమైంది.

అరవై మిల్లీసెకన్లు

12.5 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఒక చానల్‌ను డీఎంఆర్ కాలంలో రెండుగా పంచుతుంది. స్లాట్ అనే ఒక్కో వాటా 30 మిల్లీసెకన్లు, రెండూ కలిస్తే 60. ఒకే గిలక మీద వంతులవారీగా లేచి దిగే రెండు చేదల్లా మొదటి స్లాట్ ఒక బృందానికి, రెండో స్లాట్ మరో బృందానికి పనిచేస్తాయి. ఒకరి మాట మరొకరికి తగలదు. ఒకే ఫ్రీక్వెన్సీ జత, ఒకే రిపీటర్, ఒకే యాంటెన్నా, ఒకే డూప్లెక్సర్‌తో రెండు చానళ్ళ పని జరుగుతుంది.

హ్యాండ్‌సెట్ మీట నొక్కితే ఏం జరుగుతుందో చూద్దాం. రిపీటర్ నిద్రలో ఉంటే సెట్ ముందు దాన్ని మేల్కొలిపే చిన్న సంకేతం పంపుతుంది. రిపీటర్ లేచి తన ప్రసారం మొదలుపెడుతుంది. ఆ ప్రసారంలోని గుర్తులను చూసి హ్యాండ్‌సెట్ తన గడియారం సరిచేసుకుని, తన స్లాట్ వచ్చినప్పుడే నోరు తెరుస్తుంది. ఒక్కో విడతలో 27.5 మిల్లీసెకన్లపాటు 264 బిట్లు పంపి ఆగిపోతుంది. మధ్యలోని 48 బిట్లు కాలం సరిచూసుకోవడానికో, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారన్న సమాచారానికో పోతాయి. మిగిలిన 216 బిట్లలో మూడు మాటముక్కలుంటాయి, ఒక్కోటి 20 మిల్లీసెకన్ల మాట. అంటే 60 మిల్లీసెకన్ల మాటను నొక్కి 27.5 మిల్లీసెకన్లలో పంపేస్తుంది. ఇలా నొక్కే పని వోకోడర్‌ది. డిజిటల్ వాయిస్ సిస్టమ్స్ అనే అమెరికా కంపెనీ తయారుచేసిన ఆంబీ ప్లస్ టూను అందరూ వాడుతున్నారు. అది సెకనుకు 2,450 బిట్లలో మాటను ఇమిడ్చి, దోషాలు సరిదిద్దుకోవడానికి మరో 1,150 బిట్లు కలుపుతుంది. హ్యాండ్‌సెట్ సగానికి పైగా కాలం ప్రసారం ఆపి ఉంటుంది కనుక దాని బ్యాటరీ అనలాగ్ కన్నా ఎక్కువసేపు వస్తుంది. రిపీటర్‌కు మాత్రం ఈ విశ్రాంతి లేదు. ఒక స్లాట్‌లో ఒక్కరే మాట్లాడుతున్నా అది ఆపకుండా ప్రసారం చేస్తూనే ఉంటుంది. మొబైల్ సెట్లు రెండింటిని తగిలించి రిపీటర్ చేసేవాళ్ళకు వేడి సమస్య వచ్చేది ఇందుకే. ఏకధాటిగా పూర్తి శక్తితో నడవగలదని తయారీదారు రాసిచ్చిన ట్రాన్స్‌మిటరే కొనాలి. లేకపోతే శక్తిని సగానికి తగ్గించి, ఫ్యాన్ పెట్టి నడపాలి.

కాలాన్ని ఇలా పంచుకోవడం వల్ల దూరానికి ఒక హద్దు ఏర్పడుతుంది. రేడియో తరంగం మిల్లీసెకనుకు 300 కిలోమీటర్లు పోతుంది. దూరపు సెట్ నుంచి వచ్చే మాట ఆలస్యమై పక్క స్లాట్‌లో పడకుండా ప్రమాణం ఒక మిల్లీసెకను వెసులుబాటు ఇచ్చింది. రానూపోనూ లెక్కవేస్తే అది 150 కిలోమీటర్లు. నేల మీది సెట్లకు ఈ హద్దు అడ్డురాదు, భూమి వంపు అంతకుముందే అడ్డుపడుతుంది.

బిట్లను జతలు జతలుగా నాలుగు ఫ్రీక్వెన్సీ మెట్లుగా మారుస్తారు: మధ్య ఫ్రీక్వెన్సీకి అటూ ఇటూ 648 హెర్ట్జ్ దూరంలో రెండు, 1,944 హెర్ట్జ్ దూరంలో రెండు. పక్కపక్క మెట్ల మధ్య ఎడం 1,296 హెర్ట్జ్. 435 మెగాహెర్ట్జ్ దగ్గర పదిలక్షల్లో అర వంతు తప్పు అంటే 217 హెర్ట్జ్, పెద్ద ఇబ్బంది లేదు. అదే పదిలక్షల్లో రెండున్నర వంతులు జరిగితే 1,087 హెర్ట్జ్. అప్పుడు ఒక మెట్టు బిట్లు పక్క మెట్టులో పడతాయి. అనలాగ్‌లో చెవికి ఆనని తేడా ఇక్కడ మాటనే చంపుతుంది. మే నెలలో రేకుల గదిలో కాగే పరికరానికి ఉష్ణోగ్రతతో జరగని మంచి ఆసిలేటర్ కావాలనడం అందుకే.

అనుమతులు

భారతదేశంలో ఏ పెట్టె కొనాలన్నా, ఏ స్తంభం ఎత్తాలన్నా ముందు అనుమతి కావాలి. ఫ్రీక్వెన్సీ మనం ఎంచుకునేది కాదు, కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం కేటాయించేది. దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్ ద్వారా జరుగుతుంది. టవర్ పెట్టే చోటు విమానాల రాకపోకలకూ ఇతర రేడియో కేంద్రాలకూ అడ్డు కాదని శాక్‌ఫా అనే సలహా సంఘం చూస్తుంది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ఇన్నాళ్ళూ దీనికి ఆధారం. వాటి స్థానంలో 2023లో చేసిన టెలికమ్యూనికేషన్ల చట్టం దశలవారీగా అమల్లోకి వస్తోంది. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ శక్తి సెట్లకు లైసెన్సు మినహాయింపు ఉంది. ఆ వెసులుబాటు రిపీటర్లకు వర్తించదు.

హామ్ రేడియో దారి వేరు. పన్నెండేళ్ళు నిండినవారెవరైనా పరీక్ష రాసి రిస్ట్రిక్టెడ్ లేదా జనరల్ తరగతి లైసెన్సు పొందవచ్చు. వ్యాపార సంభాషణలు కూడదు, ఇతరులకు అర్థం కాకుండా మాటను దాచే ఎన్‌క్రిప్షన్ కూడదు. తెలుగునాట ఈ అభిరుచికి పెద్ద దిక్కు హైదరాబాదులో 1983లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో. ఆ సంస్థ తరఫున అండమాన్‌కు వెళ్ళి ఉన్న భారతి ప్రసాద్ 2004 డిసెంబరు సునామీ వచ్చినప్పుడు పోర్ట్‌బ్లెయిర్ నుంచి బయటి ప్రపంచానికి సమాచారం చేరవేశారు. ఆమె వాడింది షార్ట్‌వేవ్, డీఎంఆర్ కాదు. కానీ సొంత యాంటెన్నా, సొంత కరెంటు, నేర్చుకున్న మనిషి ఒక్కచోట ఉంటే ఏం చెయ్యవచ్చో చూపిన ఆ సంఘటనను రిపీటర్ పెట్టే ప్రతి సంఘమూ మనసులో ఉంచుకోవాలి.

ఎత్తు, యాంటెన్నా, కేబుల్

వీహెచ్‌ఎఫ్, యూహెచ్‌ఎఫ్ తరంగాలు దాదాపు చూపు మేర పోతాయి. యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో హెచ్చిస్తే రేడియో దిగంతం కిలోమీటర్లలో వస్తుంది. 30 మీటర్ల టవర్‌కు అది 22 కిలోమీటర్ల పైచిలుకు. మనిషి చేతిలోని సెట్‌కు మరో ఐదు కలపవచ్చు. విశాఖలో సముద్ర మట్టానికి సుమారు 170 మీటర్ల ఎత్తున్న కైలాసగిరి లాంటి కొండ మీద అదే యాంటెన్నా సముద్రం వైపు 50 కిలోమీటర్లు దాటి చూస్తుంది. అయితే అదే కొండకు వెనకనున్న లోయ చీకట్లో పడుతుంది. అందుకే చోటు ఎంచేముందు పటం మీద లెక్కతో సరిపెట్టకూడదు. తాత్కాలికంగా ఒక యాంటెన్నా నిలబెట్టి, కారులో సెట్ పట్టుకుని కవరేజీ కావలసిన వీధులన్నీ తిరిగి సంకేత బలం రాసుకోవాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్లు, ఆసుపత్రుల లోపలి వార్డులు, కర్మాగారాల ఇనుప షెడ్లు ఎప్పుడూ లెక్కకు లొంగవు.

ఇంతకన్నా తక్కువమందికి తెలిసిన చిక్కు ఒకటుంది. లాభం (గెయిన్) ఎక్కువున్న పొడవాటి యాంటెన్నా తన శక్తినంతా దిగంతం వైపు పలచటి పొరలా పంపుతుంది. మైదానంలో టవర్ మీద అది వరమే. ఎత్తైన కొండ మీద పెడితే కొండ కింది ఊరి నెత్తి మీదుగా సంకేతం పోయి, దూరపు ఊరికి బాగా అందుతూ కింది వీధికి అందదు. అలాంటి చోట తక్కువ లాభం ఉన్నదాన్నో, కిందికి వంచినదాన్నో ఎంచుకోవాలి. ఎత్తు చవగ్గా దొరికిన చోట యాంటెన్నా లాభం కోసం పాకులాడటం డబ్బు దండగ.

కేబుల్ దగ్గర పొదుపు చేస్తే పెట్టె మీద పెట్టిన ఖర్చు గాల్లో కలుస్తుంది. 435 మెగాహెర్ట్జ్ దగ్గర 30 మీటర్ల ఆర్‌జీ-213 కేబుల్ శక్తిలో మూడింట రెండు వంతులు తినేస్తుంది. 50 వాట్ల ట్రాన్స్‌మిటర్ పెడితే యాంటెన్నాకు చేరేది 17 వాట్లు. అరంగుళం హార్డ్‌లైన్ వేస్తే 36 వాట్లు చేరతాయి. ట్రాన్స్‌మిటర్ శక్తి పెంచి ఈ నష్టం పూడ్చుకోవచ్చని అనుకుంటారు గానీ, అది ఒక వైపే పూడుతుంది. నాలుగైదు వాట్ల హ్యాండ్‌సెట్ నుంచి వచ్చే బలహీన సంకేతం అదే కేబుల్లో దిగివచ్చేటప్పుడు అంతే నష్టపోతుంది, దాన్ని పెంచే దారి లేదు. స్టేషన్ మాట అందరికీ వినిపిస్తూ, ఎవరి మాటా స్టేషన్‌కు చేరకపోవడం ఇలాగే మొదలవుతుంది.

కనెక్టర్లు ఎన్-రకానివి ఉండాలి. పీఎల్-259 రకం నీటిని ఆపదు. కోస్తాలో ఉప్పుగాలి, తుపాను వాన చిన్న సందు దొరికినా కేబుల్ అల్లికలోకి పోతాయి, రాగి నల్లబడుతుంది. బిగించిన కనెక్టర్ మీద తనంతట తానే అతుక్కునే రబ్బరు టేపు కిందినుంచి పైకి చుట్టాలి, దానిమీద ఎండకు తట్టుకునే మరో టేపు. గదిలోకి పోయే రంధ్రం ముందు కేబుల్‌ను కాస్త కిందికి వంచి వదిలితే నీరు అక్కడే కారిపోతుంది. గుళ్ళున్న కొండల మీద కోతులు కేబుల్ కొరుకుతాయి, ఆ ఎత్తుదాకా ఇనుప పైపులో పోనివ్వాలి.

డూప్లెక్సర్

స్టేషన్‌లో అన్నిటికన్నా కష్టమైన పని చేసేది ఏ చిప్పూ లేని డూప్లెక్సర్ లోహపు డబ్బాలే. రిపీటర్ ఒకే యాంటెన్నాతో ఒకే క్షణంలో వింటుంది, మాట్లాడుతుంది. ట్రాన్స్‌మిటర్ పంపేది 50 వాట్లు. రిసీవర్ వినవలసింది పావు మైక్రోవోల్టు. రెండింటి మధ్య తేడా సుమారు 166 డెసిబెల్స్, అంటే నాలుగు పక్కన పదహారు సున్నాలంత రెట్లు. ఆ హోరులో ఆ గుసగుస వినబడాలంటే ట్రాన్స్‌మిటర్ ఫ్రీక్వెన్సీని రిసీవర్ దారిలోనూ, ట్రాన్స్‌మిటర్ వెదజల్లే రొదను రిసీవర్ ఫ్రీక్వెన్సీ దగ్గరా గట్టిగా అణచాలి. డూప్లెక్సర్‌లోని గదులు చేసే పని ఇదే. ఒక్కో గది ఒక్కో ఫ్రీక్వెన్సీకి స్పందించే ఖాళీ లోహపు పాత్ర.

రెండు ఫ్రీక్వెన్సీలు ఎంత దగ్గరైతే పని అంత కష్టం. వీహెచ్‌ఎఫ్ హామ్ రిపీటర్లలో ఎడం 600 కిలోహెర్ట్జ్ మాత్రమే. అందుకు అర మీటరు పొడవున్న గదులు సాధారణంగా ఆరు కావాలి. అమెరికాలో యూహెచ్‌ఎఫ్ హామ్ రిపీటర్లు 5 మెగాహెర్ట్జ్ ఎడంతో నడుస్తాయి కనుక అక్కడి డూప్లెక్సర్లు చిన్నవి. భారతదేశంలో హామ్‌లకు యూహెచ్‌ఎఫ్‌లో ఉన్నది 434 నుంచి 438 దాకా 4 మెగాహెర్ట్జ్. అందులో 5 ఎడం పట్టదు. విదేశీ రిపీటర్ కోసం ట్యూన్ చేసిన డూప్లెక్సర్‌ను ఉన్నదున్నట్టు తెచ్చి బిగిస్తే ఇక్కడ పనికిరాకపోవడానికి కారణం ఇదే. ఎడం తగ్గించుకున్నప్పుడు దానికి తగిన గదులు కూడా ఉండాలి.

డూప్లెక్సర్ పనితీరును స్టేషన్‌లో తేల్చే పరీక్ష చాలా సూటిగా ఉంటుంది. యాంటెన్నా దారిలో ఒక కప్లర్ పెట్టి, దాని గుండా సిగ్నల్ జనరేటర్‌తో బలహీనమైన డీఎంఆర్ పరీక్షా సంకేతం ఎక్కించాలి. ట్రాన్స్‌మిటర్ ఆపి ఉంచి, బిట్ దోషాల శాతం ఐదుకు చేరేదాకా సంకేతాన్ని తగ్గించాలి. రిసీవర్ వినగలిగే అడుగు హద్దు అదే. అంకె రాసుకుని ట్రాన్స్‌మిటర్ పూర్తి శక్తితో వెయ్యాలి. శాతం కదలకపోతే డూప్లెక్సర్ తన పని చేస్తోంది. దోషాలు పెరిగితే మళ్ళీ ఐదు శాతానికి రావడానికి సంకేతం ఎన్ని డెసిబెల్స్ పెంచాల్సి వచ్చిందో, మన ట్రాన్స్‌మిటర్ మన రిసీవర్‌ను అంత చెవిటిదాన్ని చేస్తోందన్నమాట. ఒక డెసిబెల్ వరకు సరిపెట్టుకోవచ్చు. ఐదారు వచ్చిందంటే యాంటెన్నా ఎత్తు పెంచి సాధించిందంతా ఇక్కడ పోతోంది. యాంటెన్నా బదులు డమ్మీ లోడ్ పెట్టి అదే పరీక్ష చేస్తే తప్పు డూప్లెక్సర్‌దో, బయట తుప్పు పట్టిన బోల్టులదో, పక్క టవర్‌దో తేలుతుంది. చవగ్గా దొరికే నానో వీఎన్‌ఏతో యాంటెన్నాను చూసుకోవచ్చు గానీ, డూప్లెక్సర్ లోతైన అణచివేతను అది పూర్తిగా చూపలేదు. దాన్ని నమ్మి గదుల స్క్రూలు తిప్పకూడదు. లారీ ప్రయాణంలో కుదుపుకు కూడా ట్యూనింగ్ జరుగుతుంది కనుక చివరి పరీక్ష కొండ మీదే చెయ్యాలి.

డూప్లెక్సర్ లేకుండా గడిపే ఉపాయం కూడా డీఎంఆర్‌లో ఉంది. ఒక స్లాట్‌లో విని అదే ఫ్రీక్వెన్సీ మీద రెండో స్లాట్‌లో తిరిగి పంపడం. కొన్ని హ్యాండ్‌సెట్లు ఇలా చేస్తాయి. సహాయ బృందాలకు ఒక భవనం లోపలికో సొరంగంలోకో కవరేజీ సాగదీయడానికి ఇది చక్కగా పనికొస్తుంది. అయితే రెండు సంభాషణల సౌకర్యం పోతుంది.

పిడుగు, కరెంటు

ఊరికంతటికీ ఎత్తైన ఇనుప స్తంభం మీద పిడుగు పడుతుందా అన్న ప్రశ్నే లేదు, ఎప్పుడన్నదే ప్రశ్న. టవర్ కాళ్ళు, కేబుల్ పై పొర, సర్జ్ అరెస్టర్, రిపీటర్ రాక్, కరెంటు ఎర్త్ అన్నీ ఒకే రాగిపట్టీకి కలవాలి. వేర్వేరు గుంతలకు వేర్వేరుగా పోతే పిడుగు పడిన క్షణంలో వాటి మధ్య వేల వోల్టుల తేడా పుట్టి, ఆ తేడా పరికరం గుండా ప్రవహిస్తుంది. కేబుల్ పై పొరను టవర్ తలదగ్గర ఒకసారి, అడుగున ఒకసారి, గదిలోకి పోయే ముందు మరోసారి ఎర్త్‌కు కలుపుతారు.

ఎర్త్ పిట్‌లో బొగ్గూ ఉప్పూ పోసి రాగి పలకో జీఐ పైపో దించడం మన వాళ్ళకు తెలిసిన పద్ధతే. రాతి కొండ మీద మట్టి లోతు ఉండదు. అక్కడ ఒక గుంతతో కాదు, నాలుగైదు గుంతలు తీసి కలపాలి, లేదా వాలు కింది మట్టిదాకా పట్టీ లాగాలి. ఎర్త్ నిరోధం ఐదు ఓమ్‌ల లోపు రావాలన్నది సాధారణ లక్ష్యం. వానాకాలంలో కొలిచి సంతోషించకూడదు. నేల ఎండిన మే నెలలో కొలిచినదే అసలు అంకె, గుంతలో నీళ్ళు పోసేదీ అప్పుడే.

రిపీటర్ 13.6 వోల్టుల డీసీ మీద నడుస్తుంది. ప్రసారంలో 12 ఆంపియర్లు, ఊరికే ఉన్నప్పుడు ఒకటి తీసుకుంటుందనుకుందాం. నాలుగోవంతు కాలం ప్రసారంలో ఉంటే సగటు 3.75 ఆంపియర్లు. 100 ఆంపియర్ అవర్ల లెడ్ బ్యాటరీని సగానికి మించి దించకూడదు కనుక అది 13 గంటలు వస్తుంది. పట్టణంలో గంట కోతకు ఇది చాలు. తుపాను దెబ్బకు స్తంభాలు పడిపోయే చోట చాలదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు కరెంటు, సెల్‌ఫోన్లు కలిసే పోయాయి. అలాంటి తీరంలో పెట్టే స్టేషన్‌కు సౌర పలకలు, రెండు మూడు రోజులకు సరిపడే బ్యాటరీలు విలాసం కాదు. ఇన్వర్టర్ ద్వారా ఏసీ చేసి మళ్ళీ డీసీ చేసుకోవడం కన్నా బ్యాటరీ నుంచి నేరుగా ఇవ్వడం మేలు, నష్టం తగ్గుతుంది, చెడిపోయేది ఒకటి తగ్గుతుంది.

అమరికలు, అనుసంధానం

కంప్యూటర్‌తో రేడియోలో నింపే అమరికల మొత్తాన్ని కోడ్‌ప్లగ్ అంటారు. ఫ్రీక్వెన్సీల జత, కలర్ కోడ్, స్లాట్, టాక్‌గ్రూప్, రేడియో గుర్తింపు సంఖ్య ఇందులో ముఖ్యమైనవి. కలర్ కోడ్ 0 నుంచి 15 వరకు ఉంటుంది. ఒకే ఫ్రీక్వెన్సీలో దూరంగా ఉన్న మరో స్టేషన్ సంకేతం వచ్చినా, కోడ్ కలవకపోతే మన రిపీటర్ దాన్ని పట్టించుకోదు. టాక్‌గ్రూప్ అంటే ఎవరి మాట ఎవరికి వినిపించాలన్న పంపకం. హామ్‌ల గుర్తింపు సంఖ్యలో మనిషికి ఏడు అంకెలు, రిపీటర్‌కు ఆరు. మొదటి మూడూ దేశపు మొబైల్ కోడ్, భారతదేశానికి 404. కొత్తగా వచ్చినవాళ్ళు సెట్ మూగబోయిందని తెచ్చి చూపిస్తే చాలాసార్లు తప్పు స్లాటో, కలర్ కోడో, వినవలసిన గ్రూపుల జాబితాలో గ్రూప్ చేర్చకపోవడమో తేలుతుంది.

స్టేషన్లను ఇంటర్నెట్ ద్వారా కలిపితే విజయవాడ రిపీటర్ మీది మాట అమెరికాలో ఉన్న తెలుగు హామ్ సెట్‌లో వినిపిస్తుంది. హామ్‌లలో ఈ పని ఎక్కువగా బ్రాండ్‌మీస్టర్ అనే నెట్‌వర్క్ చేస్తోంది. బ్రిటిష్ హామ్ జోనథన్ నేలర్ రాసిన ఎంఎండీవీఎం సాఫ్ట్‌వేర్‌తో పాత అనలాగ్ సెట్ల జతను కూడా డీఎంఆర్ రిపీటర్‌గా మార్చవచ్చు. డేటా చాలా తక్కువ, మామూలు 4జీ సిమ్ సరిపోతుంది. కావలసింది వేగం కన్నా నిలకడ. ప్యాకెట్లు ఒకసారి తొందరగా ఒకసారి ఆలస్యంగా వస్తే మాట తెగుతుంది. ఎంఎండీవీఎం తానే సర్వర్‌కు కలుస్తుంది కనుక మొబైల్ కంపెనీ ఇచ్చే ఉమ్మడి చిరునామా చాలు. కంపెనీల సొంత పద్ధతుల్లో చాలాసార్లు ప్రధాన స్టేషన్‌కు స్థిర చిరునామా ఉండాలి. ఎలా కలిపినా, ఇంటర్నెట్ పోయినప్పుడు స్టేషన్ ఒంటరిగా స్థానిక సేవ కొనసాగించేలా అమర్చాలి. ప్రారంభానికి ముందే కేబుల్ పీకి ఈ సంగతి పరీక్షించాలి.

నడపడం

నడిపే పద్ధతిలో మొదటిది స్లాట్ల పంపకం. ఒక స్లాట్ స్థానికానికి, ఒకటి దూరపు అనుసంధానానికి అని ముందే నిర్ణయించాలి. ప్రపంచవ్యాప్త గ్రూపును ఒక స్లాట్‌కు శాశ్వతంగా కట్టేస్తే ఎక్కడి మాటలో రోజంతా మన కొండ మీద మోగుతాయి, ట్రాన్స్‌మిటర్ చల్లారదు, ఊళ్ళోవాళ్ళకు చోటు దొరకదు. అడిగినప్పుడు మాత్రమే తెరుచుకుని కొంతసేపటికి మూసుకునేలా పెట్టడమే సబబు.

మాట్లాడేవాళ్ళు మీట నొక్కి, అనుమతి బీప్ విన్న తరువాత మాట మొదలెట్టాలి. లేకపోతే మొదటి పదం పోతుంది. ఒకరి తరువాత ఒకరు రెండు సెకన్లు ఆగితే అత్యవసరం ఉన్నవాళ్ళు దూరగలుగుతారు. మాట మధ్యలో చానల్‌కు వచ్చిన సెట్ కూడా వినగలదు, ఎవరు మాట్లాడుతున్నారన్న సమాచారం ప్రతి 360 మిల్లీసెకన్ల చక్రంలో మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఎవరి మీటో ఇరుక్కుపోతే స్టేషన్ ఆగిపోకుండా మూడు నిమిషాల కాలపరిమితి పెడతారు. యంత్రాల రొద వోకోడర్‌ను తికమకపెడుతుంది. జనరేటర్ పక్కన నిలబడి అరిచే కన్నా మైకును నోటికి రెండంగుళాల దూరంలో పెట్టి మామూలుగా మాట్లాడితే ఎదుటివాళ్ళకు తేటగా వినిపిస్తుంది.

స్టేషన్ అప్పగించిన రోజే ముందుకు పంపిన శక్తి, వెనక్కి తిరిగివచ్చిన శక్తి, పరీక్షా సంకేతంతో బిట్ దోషాల శాతం, ట్రాన్స్‌మిటర్ వెయ్యగానే ఆ శాతంలో వచ్చిన మార్పు, బ్యాటరీ వోల్టేజి, ఎర్త్ నిరోధం కొలిచి తేదీతో రాసి గదిలోనే ఉంచాలి. తిరిగివచ్చే శక్తిని సూచించే ఎస్‌డబ్ల్యుఆర్ అంకె 1.5 అయితే తిరిగివచ్చేది నాలుగు శాతం, 2 అయితే పదకొండు. అంకె ఏడాదిలో 1.2 నుంచి 1.6కు పాకిందంటే మాట బాగానే వినిపిస్తున్నా కనెక్టర్లో నీరు చేరిందని అనుమానించి టవర్ ఎక్కించాలి. ఎక్కేవాళ్ళకు నడుముకే కాక ఒంటికంతా పట్టే బెల్టు ఉండాలి, వాళ్ళు దిగేదాకా ట్రాన్స్‌మిటర్ స్విచ్ ఆపి తాళం వెయ్యాలి, ఆ తాళంచెవి ఎక్కినవాళ్ళ జేబులోనే ఉండాలి. తీరప్రాంతంలో ఈ తనిఖీలకు సరైన వేళలు రెండు: ఎర్త్ కోసం మే, కనెక్టర్లూ గై వైర్లూ చూడటానికి అక్టోబరు, నవంబరు తుపానులు వెళ్ళాక డిసెంబరు.